ఉత్పన్నం

సిరొంచ తహసీలు ఆఫీసు ఎదుట
జిరాక్సు షాపు నీడలో నా బల్ల.
దరఖాస్తుకు ఇరవై రూపాయలు.
మాట మార్చి రాస్తే ఇంకో పది,
అంటే తెలుగులో చెప్పింది మరాఠీలో రాయడం.
అబద్ధం రాయడం అనుకునేవాళ్లు
సాయంత్రాలు వస్తారు, పంపించేస్తాను.

ఇవాళ పొద్దున్నే జాడి పోచక్క.
ఆధార్లన్నీ ప్లాస్టిక్ సంచిలో,
సంచి కొంగులో,
కొంగు పిడికిట్లో.
"పసుపు కార్డో కేసరి కార్డో నాకెరుక లేదు బిడ్డా,
బియ్యం తెల్లగుంటె సాలు."

కాగితం పైన అచ్చు పడిన మాట చదివి వినిపించాను:
అన్న సురక్షా.
"ఎవరి అన్న? మా అన్న సచ్చి ఏడేండ్లాయె."

మొదటి గడి, పేరు.
ఇంట్లో జాడి పోచక్క,
ఆధార్‌లో పోచుబాయి లింగయ్య జాడి.
ఇంటిపేరు ముందు నడిచే మనుషులం మేము.
ప్రాణహితకు ఈ ఒడ్డున అది
మొగుడికి దారిచ్చి వెనక నిలబడుతుంది.

తర్వాతి గడి, వార్షిక ఉత్పన్నం.
మరాఠీలో రాబడి.
తెలుగు చెవికి పుట్టుక.
"ఏడాదిల నీకెంత పుట్టింది పోచక్కా?"
"రెండు మేకపిల్లలు. ఒకటి బతికింది."

సరే, లెక్క మొదలుపెట్టాం.
తునికాకు కల్లం పదకొండు రోజులే నడిచింది,
వాన పడి మూసేశారు: ఆరువేల రెండొందలు.
అవతలి ఒడ్డున మిరప ఏరిన రెండు నెలలు,
సగం పైకం, సగం కాయ,
కాయను రూపాయల్లోకి మార్చేసరికి
నాకే కళ్లు మండాయి: ఇరవై ఒక్క వేలు.
పత్తి తొమ్మిది వేల నాలుగొందలు.
హామీ పని అయిదువేల ఎనిమిదొందలు.
మొత్తం నలభై రెండువేల నాలుగొందలు.
గీత నలభై నాలుగు దగ్గరుంది.
కలం మూత పెట్టబోయాను.

"ఆగు," అంది. "ఇప్పపువ్వు అమ్మిన, పదకొండు నూర్లు."
రాశాను.
"గుడ్లు. నాలుగు నూర్ల యాభై."
రాశాను, చిన్న అంకెల్లో.
"ఒకలింట్ల పెండ్లికి విస్తర్లు కుట్టిన.
రెండు నూర్లు, ఒక చీర.
చీర గూడ రాయాలెనా?"

నలభై నాలుగువేల నూటయాభై.
నూటయాభై రూపాయల ఎత్తున
పోచక్క ధనవంతురాలైంది.

మిరప చేనుకు జీపు కిరాయి ఎంతని అడిగాను.
జ్వరానికి సూది ఎంతని అడిగాను.
చెప్పింది, అన్నీ చెప్పింది.
ఖర్చుకు గడి లేదు ఈ కాగితంలో.

ఇద్దరం కాసేపు బల్ల మీది ఈగను చూశాం.
అప్పుడు తనే అంది, మామూలుగా,
"మిరపకాయ ఆసామి ఇంక పద్దెనిమిది నూర్లు ఇయ్యాలె గద."
"ఇంకా ఇవ్వలేదా? మరి ఇరవై ఒక్క వేలల్లో..."
"కలిపిన. మాటిచ్చిండు గద."

మాటను కూడా రాబడిలో కలిపిన మనిషి!
కొట్టేశాను.
కొట్టేస్తూ ఆ ఎగవేతదారుకు
మనసులో దండం పెట్టాను, సిగ్గుగానే ఉంది.
నలభై రెండువేల మూడొందల యాభై.

ఇక కోడలు సుగుణ.
పెళ్లై మూడేళ్లు,
ఆమె ఆకలి ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంది.
అక్కడ పేరు కొట్టేసిన దాఖలా తేవాలి,
తెస్తేనే ఇక్కడ పేరు పుడుతుంది.
ఆ రెంటి మధ్య ఎన్ని నెలలో
వంతెన మీద నిలబడినవాళ్లకే తెలుసు.
"రాయకు. తేనియ్యి, తెచ్చినంక రాద్దాం.
అప్పటిదాంక నా బువ్వల సగం."

వేలిముద్ర వేసింది.
సిరా వేలిని నా బల్ల అంచుకే తుడిచి
ఇరవైకి పది కలిపి ఇచ్చింది.
పది వెనక్కి ఇస్తే తీసుకోలేదు.
"మరి గీ ముప్పై
నీ ఉత్పన్నంల రాసుకుంటవా?"

నవ్వాననుకుంటా.
నా గడి నేనెప్పుడూ నింపలేదు.

మధ్యాహ్నం బయటికొచ్చింది.
సాహెబు శుక్రవారం రమ్మన్నాడట.
"ఏ శుక్రవారం?"
"గది అడగలే."